బాలింత మనోవ్యాధి: ఒక వైద్యురాలి కృషి, మన సాహిత్య బాధ్యత

కోనసీమ పల్లెల్లో బాలింత దేహానికి జరిగే సేవ తక్కువేమీ కాదు. పథ్యం, కాయం, నలుగు, వేడినీళ్ల స్నానం - ఇదంతా తరతరాలుగా స్త్రీలు కూడబెట్టుకున్న అనుభవజ్ఞానం. అయితే అదే బాలింత రాత్రుళ్లు నిద్రపోక, బిడ్డను దగ్గరికి తీసుకోక, పొంతన లేకుండా మాట్లాడితే ఆ జ్ఞానం అక్కడే ఆగిపోతుంది. "గాలి సోకింది" అన్న ఒక్క మాటతో రోగనిర్ణయం ముగుస్తుంది. ఆ మాటను కాదనడానికి వైద్యశాస్త్రానికి ఎంతకాలం పట్టిందో చారిత్రకంగా పరిశీలించవలసి ఉంది.

గర్భిణుల, బాలింతల మనోవ్యాధుల మీద లూయీ విక్టర్ మార్సే 1858లో పారిస్‌లో ఒక ఉద్గ్రంథం ప్రకటించాడు. వ్యాధి శాస్త్ర పరిశీలనలోకి వచ్చింది గాని, రోగి మాటకు విలువ రాలేదు. అమెరికన్ రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ ప్రసవానంతరం కుంగిపోతే, డాక్టరు ఆమెకు విశ్రాంతి విధించి కలం ముట్టవద్దన్నాడు. ఆ అనుభవం నుంచే 1892లో 'ది ఎల్లో వాల్‌పేపర్' కథ వెలువడింది. ఆస్పత్రులు తల్లిని చేర్చుకుని బిడ్డను ఇంటికి పంపేవి. ఇంగ్లండులోని కాసెల్ ఆస్పత్రి 1948లో తల్లితో పాటు బిడ్డనూ చేర్చుకోవడం ఈ చరిత్రలో ఒక మలుపు.

మన దేశంలో ఆ మలుపు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో డాక్టర్ ప్రభా ఎస్. చంద్ర చొరవతో 2009లో తల్లీబిడ్డల మానసిక చికిత్సా విభాగం ఏర్పడింది. ఉన్నవి అయిదు మంచాలే. కాని తల్లికి మందులిస్తూనే బిడ్డను ఆమె పక్కనే ఉంచారు. ఇంటి మనిషిని తోడుండనిచ్చారు. అంతకు ముందు హెచ్.ఐ.వి. రోగుల మనోవేదన మీదా, మనోవ్యాధి ఉన్న స్త్రీలపై జరిగే లైంగిక బలాత్కారాల మీదా ఆమె పరిశోధించారు. బాలింతల్లో బిడ్డకు హాని చెయ్యాలన్న తలంపులు రావడాన్ని నేరంగా చూడక, వైద్యసమస్యగా అధ్యయనం చేశారు. స్త్రీల మానసిక ఆరోగ్యానికి సంబంధించిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షురాలయ్యారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, చికిత్స పొందే తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా విడదీయరాదని నిర్దేశించింది. బిడ్డకు ప్రమాదముందని వైద్యుడు భావిస్తే తప్ప ఇది తల్లి హక్కు. చట్టంలో ఉన్న హక్కు అమలు కావాలంటే ఆస్పత్రిలో మంచం ఉండాలి.

ఇక్కడ రచయితలు రెండు సంగతులు గ్రహించాలి. మొదటిది, తీవ్రమైన బాలింత ఉన్మాదం వెయ్యి ప్రసవాల్లో ఒకరిద్దరికి, తరచు మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. అది శరీరధర్మంతో ముడిపడిన వ్యాధి, నయమయ్యే వ్యాధి. రెండోది, అంతకన్నా ఎంతో విస్తారంగా ఉండే కుంగుబాటు. 2002లో వెలువడిన గోవా అధ్యయనంలో 23 శాతం మంది తల్లుల్లో అది కనిపించింది. పేదరికం, కాపురంలో కలహం, ఆడపిల్ల పుట్టిందన్న నిరసన దానికి దోహదం చేస్తున్నాయని తేలింది. ఇది మందుతో మాత్రమే తీరేది కాదు.

మన అభ్యుదయ కథల్లో ఒక పొరపాటు తరచు జరుగుతున్నది. పిచ్చిదైన స్త్రీ కనిపించగానే ఆమెను పీడనకు ప్రతీకగానో, తిరుగుబాటుకు సంకేతంగానో మార్చేస్తున్నాం. గాలి సోకిందనేవాడు వ్యాధిని దయ్యానికి అప్పగిస్తాడు; మనం సిద్ధాంతానికి అప్పగిస్తున్నాం. రెండు చోట్లా చికిత్స అవసరమైన మనిషి మరుగునపడిపోతోంది. అలాగని వ్యాధిని మెదడుకే పరిమితం చేసి, ఆమె తిరిగి వెళ్లవలసిన ఇంటిని చూడకపోవడమూ వాస్తవికత కాదు.

రాజోలు, అమలాపురం ప్రాంతాల స్త్రీలు దశాబ్దాలుగా ఇంటిపనులకు గల్ఫ్ దేశాలకు వలసపోతున్నారు. పురుడు పోయవలసిన తల్లి కువైట్‌లో పరాయి బిడ్డను సాకుతుంటే, ఇక్కడ కూతురి పక్కన రాత్రి మేలుకునే వాళ్లెవరు? కాయం ముద్ద చేసిపెట్టేదెవరు? కొత్తపేటలోనైనా రాజోలులోనైనా ఈ ప్రశ్న వేసే కథ ఆ కూతురికి తోడును అడగాలి, మందును అడగాలి, ఆమె బిడ్డ ఆమె పక్కనే ఉండాలనీ అడగాలి.