థగ్ లైఫ్ మాట వెనకున్న క్రైమ్ నవల

రీల్స్‌లో ఎవరైనా గట్టి కౌంటర్ వేస్తే వెంటనే "థగ్ లైఫ్" అని పడుతుంది కదా. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు, పంజాగుట్ట బస్టాపులో ఫోన్ చూస్తూ రోజూ నవ్వుకుంటాం. ఆ ఫ్యాషన్ అమెరికాదే, కానీ 'థగ్' అనే మాట మన దేశానిది. హిందీలో ఠగ్ అంటే మోసగాడు. ఇంగ్లీషువాళ్లకి ఆ మాటని బాగా అలవాటు చేసిన నవల రాసింది నిజాం కొలువులో పనిచేసిన ఆఫీసర్.

ఆయన పేరు ఫిలిప్ మెడోస్ టేలర్. 1808లో లివర్‌పూల్‌లో పుట్టాడు. 1824లో, టీనేజ్‌లోనే ఇక్కడికి వచ్చి నిజాం సైన్యంలో చేరాడు. నిజాం రాజ్యం జిల్లాల్లో పోలీసు డ్యూటీ కూడా చేశాడు. పట్టుబడిన థగ్గుల వాంగ్మూలాలు స్వయంగా విన్నాడు. 1839లో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' అనే నవల అచ్చయింది.

అందులో కథ చెప్పేవాడి పేరు అమీర్ అలీ. మన అమీర్‌పేటకి అతనితో సంబంధం లేదు. ఈ పేటకి ఆ పేరు పైగా నవాబుల 'అమీర్-ఎ-కబీర్' బిరుదు నుంచి వచ్చిందంటారు. నవల్లో అమీర్ అలీ జైల్లో ఉండి, ఒక దొరకి తన నేరాలు తనే చెప్తాడు. 719 మందిని చంపానంటాడు. హైదరాబాద్ కూడా ఈ కథలో వస్తుంది.

మామూలు డిటెక్టివ్ కథలో చంపిందెవరు అని వెతుకుతాం. ఇక్కడ అది ముందే తెలుసు. తెలియాల్సింది, అంతమందిని ఎలా నమ్మించారన్నది. బాటసారులతో దోస్తీ చేస్తారు. కలిసి నడుస్తారు, కలిసి తింటారు. అదను చూసి మెడకి రుమాలు బిగిస్తారు. బయల్దేరే ముందు శకునాలు, భవానీ పూజ, పని అయ్యాక బెల్లం ప్రసాదం.

ఈ శకునాలు, దేవత కథలు ఎక్కడి నుంచి వచ్చాయి? చాలావరకు అప్రూవర్లుగా మారిన ఖైదీల నోటి నుంచి. నోరు విప్పితే ఉరి తప్పుతుంది. అలాంటి పరిస్థితిలో ఉన్న మనిషి, దొర ఏం వినాలనుకుంటున్నాడో అదే చెప్పడా? హత్యలు జరిగాయి, పూడ్చిన శవాలూ దొరికాయి. కానీ వాళ్లందరిదీ ఒకే రహస్య మతమా, లేక పని పోయిన సిపాయిలు, పూట గడవని రైతులు కూడా అందులో ఉన్నారా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఇదేం చిన్న వాదన కాదు. 1836 చట్టం ప్రకారం హత్య రుజువు కానక్కర్లేదు, థగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష. పుట్టుకతోనే నేరస్థులు ఉంటారన్న ఆలోచన ముదిరి, 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. ఒక్క మనిషిని కాదు, మొత్తం సమూహాన్నే అనుమానితుల లిస్టులో పెట్టారు. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్ట్‌పురం అలా ఎరుకల వాళ్లని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం పోయింది. కానీ ఆ ఊరి పేరు వినగానే చాలామందికి ఇప్పటికీ దొంగలే గుర్తొస్తారు. అక్కడ పుట్టి, చదువుకుని, ఉద్యోగం కోసం సిటీకొచ్చిన పిల్లాడు "మీదే ఊరు?" అంటే చెప్పడానికి ఎందుకు వెనకాడాలి?

నవల మాత్రం తప్పకుండా చదవండి, ఆపకుండా చదివిస్తుంది. చదువుతున్నప్పుడు ఒక్కటి గమనించండి. మాట్లాడేది అమీర్ అలీ, కానీ రాసింది పోలీసు ఆఫీసర్. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.