అపశ్రుతి

ధర్మవరంలో తెలుగు పాఠాలు చెప్పే రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు పత్రిక ముక్క ఒకటి తెచ్చి చూపాడు. ఎక్కడో తేరు చక్రం కింద పడి ఒక మనిషి చనిపోయాడు. పైన శీర్షిక, 'రథోత్సవంలో అపశృతి'.

"పాటెవరూ పాడలేదు గదా సార్, శ్రుతి ఎట్ల తప్పింది?" అని వాడి సందేహం.

ముందు అక్షరం సంగతి. చదువరులు ఈ పంతులు చాదస్తాన్ని మన్నించాలి. 'శ్రు' ధాతువుకు వినుట అని అర్థం. దానిపై 'క్తిన్' ప్రత్యయం చేరితే శ్రుతి. వినికిడి, చెవి, వేదం, గాయకుని ఆధారస్వరం అన్నీ ఆ మాటలోనివే. వట్రుసుడితో 'శృతి' అని రాస్తే అది తప్పు. 'శౄ' అని వేరొక ధాతువున్నది, దానికి హింసించుట అని అర్థం. పత్రికల వాడుకకు అదే సరిపోతుందని చమత్కరించవచ్చు గాని, దాని నుండి శృతి అనే రూపం రాదు.

పొసగని స్వరానికి భరతుడు నాట్యశాస్త్రంలో వాడిన మాట వేరు. స్థాయిని 22 శ్రుతులుగా పంచి, స్వరాల సంబంధాలను వాది, సంవాది, అనువాది, వివాది అని నాలుగుగా చెప్పాడు. 9 లేదా 13 శ్రుతుల ఎడం ఉన్నవి సంవాదులు. పొత్తు కుదరనిది వివాది. వాది ఇప్పుడు కోర్టుల్లోనూ ఉన్నాడు. వివాదం ఇంటింటా ఉన్నది. అయితే సంగీతంలో వివాది దోషమని తోసివేయదగినది కాదు. 17వ శతాబ్దంలో వేంకటమఖి ఏర్పరచిన 72 మేళాల్లో 40 వివాది మేళాలే. త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నాల్లో నాట, వరాళి రెండింటా వివాది స్వరాలున్నాయి. వాటిని విని అపశ్రుతి అన్నవారెవరు? వివాది రాగంలో భాగం. అపశ్రుతి అంటే ఆధారశ్రుతినే వీడిపోవడం. అది పాడేవాని తప్పు.

పత్రికలవారు తెచ్చిన అర్థంలో ఆ తప్పు చేసినవాడే లేడు! ఉత్సవమనే కచేరీలో ఏదో ఒక స్వరం జారింది, అంతే. తేరుకు మోకులు సరిగా కట్టారా, చక్రాల కింద చెక్కలు వేసేవారు ఎక్కడున్నారు, జనాన్ని దూరంగా నిలిపినవారెవరు, ఈ ప్రశ్నలకు ఆ మాట చోటివ్వదు. పోయినవాని ఇంటివారికి అది అపశ్రుతా?

మా ఊరి పేరే ఇంటిపేరుగా గల ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) నాటకం మంగళాంతం కావాలనే సంప్రదాయాన్ని కాదని 'విషాద సారంగధర' రచించారు. విషాదాన్ని విషాదమనే పేర పిలిచి, పేరులోనే పెట్టారు.

ఆ పిల్లవానితో శీర్షికను తిరిగి రాయించాను. "తేరు చక్రం కింద పడి ఒకరి మ్రుతి" అని రాసి తెచ్చాడు. శ్రుతికి చెప్పిన దిద్దుబాటును దీనికీ వర్తింపజేశాడు పాపం. అక్కడ మాత్రం వట్రుసుడే ఉండాలని చెప్పి, మృతి అని దిద్ది ఇచ్చాను.