బడి పిల్లలు రాసుకున్న ఆట

స్వర్ణోత్సవ సంచికలో రగ్బీ గురించి రాయడమేమిటని మిత్రులు అడిగారు. మన మైదానంలో నేను ఆడింది చెడుగుడే. రగ్బీ పేరు జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదివానంతే. కానీ ఆ ఆట పుట్టింది ఒక బడిలో. దాన్ని మన దేశంలో నిలబెట్టే ప్రయత్నం చేసింది ఆ బడి పూర్వ విద్యార్థులు. అందుకే ఈ వ్యాసం.

ఇంగ్లండులో రగ్బీ ఒక ఊరు. ఆ ఊరి బడిలో 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి ఫుట్‌బాల్ ఆడుతూ బంతిని చేత పట్టుకుని పరుగెత్తాడని కథ. దానికి గట్టి ఆధారం లేదు. 1845లో మాత్రం ఆ బడి విద్యార్థులు ముగ్గురు కూర్చుని ఆట నియమాలు కాగితం మీద పెట్టారు.

చెడుగుడులో పట్టు తెలిసినవారికి ఈ ఆట సులువుగానే అర్థమవుతుంది. జట్టుకు 15 మంది. 40 నిమిషాల చొప్పున రెండు సగాలు. కోడిగుడ్డు ఆకారపు బంతిని పట్టుకుని పరుగెత్తవచ్చు, కాలితో ముందుకు తన్నవచ్చు. చేత్తో మాత్రం ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. బంతి ఉన్నవారినే పట్టాలి, అదీ భుజాల కిందే. పట్టుబడి పడినవారు వెంటనే బంతి వదలాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ‘ట్రై’, 5 పాయింట్లు. తర్వాత గోలు కొయ్యల మధ్య, అడ్డకొయ్య పైనుంచి తన్నితే మరో 2. పెనాల్టీ గోలుకు 3. బంతి చేజారి ముందుకు పడితే, చెరి ఎనిమిది మంది వంగి నెట్టుకునే ‘స్క్రమ్’తో ఆట మళ్లీ మొదలవుతుంది. తొలిరోజుల్లో ట్రైకి పాయింట్లు లేవు. గోలుకు ప్రయత్నించే అవకాశం దక్కేది, అంతే. ఆ పేరు అందుకే వచ్చింది.

1872 డిసెంబర్ 25న కలకత్తాలో 20 మంది చొప్పున రెండు జట్లు ఆడాయి. మరుసటి నెలలో రగ్బీ బడి పూర్వ విద్యార్థులు అక్కడ క్లబ్బు పెట్టారు. క్రమంగా జనం టెన్నిస్, పోలోల వైపు మళ్లారు. క్లబ్బు మూసేస్తూ, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు 270 కరిగించి కప్పు చేయించారు. మూత మీద ఏనుగు, పిడులుగా మూడు నాగుపాములు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లాండు ఆ ‘కలకత్తా కప్పు’ కోసం తలపడుతున్నాయి.

మన పొరుగు కథ వేరు. 2007లో చింతూరు ఇంకా మన ఖమ్మం జిల్లాలోనే ఉంది, అది దాటితే ఒడిశా. ఆ ఏడాదే ఒడిశా రాజధాని భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే ఆదివాసీ పిల్లలు లండన్‌లో అండర్-14 పాఠశాలల రగ్బీ పోటీ గెలిచారు. మన ఏజెన్సీ పిల్లల కాళ్లలోనూ ఆ పరుగు ఉంది. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ జట్టు కూడా ఉంది.

సంఘం నిధితో జ్ఞాపక స్తంభం కట్టాలా, మైదానం బాగుచేయాలా అని మనలో చర్చ నడుస్తోంది. కలకత్తాలో కప్పు మిగిలింది, క్లబ్బు మిగల్లేదు. నా ఓటు మైదానానికే. చేతిలో ఉన్న బంతిని వెనక వచ్చేవారికి అందించడమే కదా ఆ ఆట నియమం.