జీవాక్షరముల భాండాగారము



తాటాకు గ్రంథములతో పరిచయము గలవారికి లేఖకదోషమన నేమో తెలియును. ‘మందు’ అని వ్రాయవలసిన చోట గంటము తొట్రుపడి ఒక కొమ్ము చేరినచో ‘ముందు’ అగును. ఆ యొక్క ప్రతినే నమ్ముకొన్న పాఠకునకు ఈ దోషము పట్టువడదు. పది ప్రతులు తెచ్చి, ప్రక్కప్రక్కను పరచి, పంక్తి పంక్తియు సరిచూచిన వానికే పట్టువడును. బ్రౌను దొర వేమన పద్యముల ప్రతులను అనేకములు సేకరించి, పండితులచేత సరిచూపించి, 1829లో అచ్చు వేయించినది ఈ పద్ధతి చొప్పుననే. ఇట్టి పాఠపరిష్కరణము వైద్యశాస్త్రమున ఎట్లు ప్రవేశించెనో, ఆ ప్రతులు ఎవరి సొత్తను వివాదము ఎట్లు పుట్టెనో నేడు మీకు విన్నవింతును.

మన దేహమున రక్తము, కండ, జీర్ణరసములు మొదలైన వానియందు పనిచేయు ప్రోటీనులు అను పదార్థములు కలవు. అవి ఇరువది విధములగు అమైనో ఆమ్లములను పూసలు దండగా కూర్చినట్లు కూర్చుటవలన ఏర్పడినవి. పూసల వరుస మారినచో పదార్థమే మారును. ఆ వరుసను మొదట పూర్తిగా చదివినవాడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పండితుడు ఫ్రెడరిక్ సాంగర్. మధుమేహమునకు మందైన ఇన్సులినునందు 51 పూసలు కలవు. ఆ 51ని చదువుటకు ఆయనకును సహాయులకును సుమారు పదియేండ్లు పట్టినది. 1955 నాటికి ఆ పని పూర్తికాగా, 1958లో ఆయనకు నోబెలు బహుమాన మిచ్చిరి.

ఒక్క అక్షరము తప్పినచో ఏమగునో తెలిసినదియు ఆ కాలముననే. మన మన్యప్రాంతపు గిరిజనులలోను కానవచ్చు సికిల్ సెల్ వ్యాధియందు రక్తకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, ప్రాణాంతకమగు బాధ కలిగించును. 1957లో ఇంగ్రాం అను పండితుడు దీని మూలమును తేల్చెను. రక్తవర్ణకమునందలి 146 పూసల దండలో ఆరవ పూస మాత్రము వేరు. తక్కిన 145 యథాతథము. లేఖకదోష మనగా ఇదియే కదా!

అటుపిమ్మట దేశదేశముల ప్రయోగశాలలవారు తలకొక ప్రోటీను చదివి, తలకొక పత్రికలో ప్రకటించుచు వచ్చిరి. ఎవరి ప్రతి వారి యింట నున్నది, సరిచూచువారు లేరు. ఆ పనికి నడుము కట్టినది మార్గరెట్ డేహాఫ్ అను అమెరికా వనిత. ఆమె 1925లో ఫిలడెల్ఫియా నగరమున జన్మించి, 1948లో కొలంబియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందెను. చిల్లులు పొడిచిన అట్టలతో లెక్కలు చేయు యంత్రములను రసాయనశాస్త్రమునకు వినియోగించుట ఆ దినములలోనే నేర్చినది. ఇద్దరు కుమార్తెలను పెంచుటకై కొన్నియేండ్లు ఇంటిపట్టున నుండి, 1960లో మేరీలాండు రాష్ట్రమున లెడ్లీ అనునతడు నెలకొల్పిన వైద్యపరిశోధన సంస్థలో చేరినది. లెడ్లీ దంతవైద్యము చదివినవాడు. అయినను కంప్యూటరు వైద్యునకు కుడిచేయి కావలెనని వాదించుచుండెను. ప్రోటీనును ముక్కలు చేసి చదివిన తునకలను, ఒకదాని కొస మరియొకదాని మొదటితో కలియునట్లు సరిచూచి, పూర్తి పాఠమును కూర్చు విధానమును వీరిరువురును 1962లో కంప్యూటరునకు నేర్పిరి. మనుష్యుడు తునకలు ముందు పెట్టుకొని చాలకాలము తంటాలు పడవలసిన కూర్పు కొద్ది నిమిషములలో తేలెను.

1965లో డేహాఫ్ తన సహచరులతో కూడి ఆ నాటికి తెలిసిన ప్రోటీనుల పాఠములనన్నిటిని ఒక గ్రంథముగా వెలువరించినది. వాని సంఖ్య 65 మాత్రమే. పొడుగు పేర్లు కాగితమును మ్రింగుచున్నవని ఒక్కొక్క అమైనో ఆమ్లమునకు ఒక్కొక్క అక్షరమును సంకేతముగా నేర్పరచినది. ఫినైలలనీనునకు ఉచ్చారణనుబట్టి ‘ఎఫ్’ అను అక్షరము నిచ్చినది. ఆ సంకేతమే నేటికిని లోకమంతట చెల్లుచున్నది. పాఠములు ప్రక్కప్రక్కను చేరగానే చిత్రమైన సంగతులు బయల్పడెను. ప్రాణులకు ఊపిరినుండి శక్తి నందిచ్చు సైటోక్రోము-సి అను ప్రోటీను మనుష్యునియందు 104 అక్షరములది. చింపాంజీయందు ఒక్క అక్షరమును భేదింపదు. గుఱ్ఱమునందు 12 భేదించును. ప్రతుల దోషములనుబట్టి ఏ ప్రతికి ఏది మాతృకయో పండితులు నిర్ణయించునట్లు, ఈ భేదములనుబట్టి ప్రాణుల వంశవృక్షమును గీయవచ్చునని తెలిసినది. 1978 నాటికి 71 ప్రోటీను కుటుంబములలో 1,572 మార్పులను లెక్కించి, ఏ అక్షరము ఏ అక్షరముగా ఎంత సులభముగా మారునో తెలుపు పట్టికను ఆమె తయారుచేసినది.

ఇంత చేసినను ఆమెకు దక్కవలసిన గౌరవము దక్కలేదు. ప్రయోగశాలలో గాజుగొట్టము పట్టినవాడే శాస్త్రజ్ఞుడనియు, ఇతరులు చదివినదానిని ఎత్తివ్రాయువారు వ్రాయసగాండ్రనియు నాటి పెద్దల భావము. ధనసహాయము అరకొరగా లభించుచుండెను. సంస్థ నిలుచుటకై ఆమె గ్రంథమును వెలకట్టి అమ్మినది. కొన్నవారు దానిలోని సంకలనమును ఇతరులకు పంచిపెట్టరాదని నియమము పెట్టినది. పాఠములను ఉచితముగా పంపిన పండితులకు ఇది కంటగింపైనది. మేము చదివినదానిని మాకే అమ్ముదురా యని వారు గొణుగుకొనిరి. ఆమెను నేను తప్పుపట్టజాలను; తప్పులు దిద్ది, ప్రతి యక్షరమును సరిచూచు పనివారికి జీతము లెవరిత్తురు? అయినను గ్రంథమును పెట్టెలో పెట్టి, అడిగినవారికి చూపక, తుదకు చెదపురుగులకు నైవేద్యము చేసిన ఇండ్లు మన జిల్లాలలోను కలవు కనుక, గొణిగినవారి బాధయు నాకు అర్థమగును.

ఇంతలో సాంగర్ పండితుడే 1977లో మరియొక మార్గము తెరచెను. ప్రోటీనులకు మాతృక డి.ఎన్.ఏ. అను పదార్థము. దాని యక్షరములు నాలుగే. దానిని త్వరగా చదువు విధానము దొరకగా పాఠములు వెల్లువగా వచ్చిపడసాగెను. వానిని భద్రపరచు భాండాగారమునకై అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యసంస్థలు అభ్యర్థులను పిలిచెను. డేహాఫ్ సంస్థయు, లాస్ అలమోస్ ప్రయోగశాలయందలి వాల్టర్ గోడ్ బృందమును పోటీపడెను. ఎవరడిగినను ఉచితముగా నిత్తుమని, కంప్యూటరు తంతులద్వారా దూరస్థులకును అందింతుమని గోడ్ పక్షము మాట యిచ్చెను. 1982లో పని వారికే దక్కినది. అదియే జెన్‌బ్యాంకు. ఆ సంవత్సరము డిసెంబరులో దానియందున్నవి 606 పాఠములు, 6,80,338 అక్షరములు. 1983 ఫిబ్రవరిలో డేహాఫ్ తన 57వ యేట గుండెపోటుతో మరణించినది.

ఆమె పద్ధతికి ఘనవిజయము ఆ యేటి జూలైలోనే లభించినది. శాన్ డియేగోలోని రసెల్ డూలిటిల్, ఆమె గ్రంథమునకు తరువాయిగా క్రొత్త పాఠములను చేర్చి ఒక కోశమును పెట్టుకొనియుండెను. కోతులయందు క్యాన్సరును కలిగించు ఒక వైరసు పాఠమును, గాయము తగిలినపుడు మన రక్తమునుండి వెలువడు ఒక ప్రోటీను పాఠమును కంప్యూటరున సరిచూడగా రెండును ఇంచుమించు ఒక్కటే యని తేలెను. లండనునందు వాటర్‌ఫీల్డ్ బృందమునకును అదే నెలలో అదియే దొరకినది. ఆ ప్రోటీను చుట్టుపట్ల కణములను పెరుగుడని ప్రేరేపించి గాయమును మాన్పును. వైరసు ఆ యాజ్ఞను దొంగిలించి, వేళాపాళ లేక పలుకుచున్నది! క్యాన్సరు ఏదో పరాయి విషమని తలచువారికి, అది మన దేహపు మాటయే వికటించినదని తెలిసినది. ఈ ఫలితమునకు క్రొత్త ప్రయోగము చేయలేదు. వ్రాసిపెట్టిన అక్షరములను సరిచూచిరి, అంతే. ఆ పెరుగుదల యాజ్ఞను కణము గ్రహించు స్థానమును అడ్డగింపదగు మందులను వెదకుచుండగా బయల్పడిన ఇమాటినిబ్ అను మందు 2001లో ఒక రక్తక్యాన్సరునకు అమెరికాలో అంగీకరింపబడినది.

మనుష్యుని మూలపాఠము మున్నూరు కోట్ల యక్షరములు. 1990లో చదువ నారంభించి 2003లో ముగించిరి. మిగిలిన ఖాళీలు పూరింపబడినది 2022లో. చదివినదానిని 24 గంటలలో లోకమునకు వెల్లడింపవలెనని 1996లో బెర్ముడా ద్వీపమున కూడి నిశ్చయించుకొనిరి. 2020 జనవరిలో చీనా పండితులు కరోనా వైరసు పాఠమును, సుమారు 30,000 అక్షరములను, వెల్లడించిన కొద్ది దినములకే, ఆ యక్షరములను మాత్రము చూచి టీకా రచన సాగించుట ఈ యాచారము ఫలమే.

ఇక మన దేశపు మాట. హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రము 1977లో స్థాపితమైనది. అచ్చటి పండితులును అమెరికాలోని హార్వర్డు పండితులును కూడి 260కి పైగా దక్షిణాసియా సమూహములకు చెందిన 2,800 మందికి మించి పాఠములను సరిచూచి, 2017లో ప్రకటించిరి. వానిలో 81 సమూహములవారు బహుకొద్దిమంది పూర్వులనుండి విస్తరించి, తమలో తామే వియ్యమందుచు వచ్చినారని తేలినది. అనగా ఒక మాతృకయందలి దోషము ప్రతులన్నిటికిని ప్రాకినట్లు, ఒక పూర్వుని లోపము వేలకొలది ఇండ్లకు దిగివచ్చును. 2020లో మొదలైన మరియొక ఉద్యమమున దేశమంతట 10,000 మంది పాఠములను చదివి, ఫరీదాబాదునందలి జాతీయ భాండాగారమున చేర్చిరి. ఇట్టి పనికి రక్తము అడుగువారు అంగీకారపత్రము నొకటి చేతికిత్తురు. అందులో పాఠము ఎచ్చట దాచుదురో, ఎవరు చూతురో వ్రాసియుండును. చదివించుకొని, తెలియనిది అడిగి, పిమ్మటనే సంతకము చేయుడు. డేహాఫ్ నాటి తగవు అక్కడికి వచ్చి నిలిచినది.

ఈ సరిచూపువలన మన యిండ్లకు గల లాభమునకు ఒక్క ఉదాహరణము. శస్త్రచికిత్సకు ముందు కండరములు సడలుటకై సక్సామెథోనియం అను మందును సూదితో ఎక్కింతురు. సాధారణముగా దాని ప్రభావము కొలది నిమిషములే. రక్తమున దానిని విరిచివేయు ప్రోటీను కొరవడినవారు గంటలకొలది తమంతట ఊపిరి పీల్చలేరు. యంత్రముతో ఊపిరి పోయవలసివచ్చును. ఈ కొరత మన ఆంధ్ర, తెలంగాణములందలి వైశ్య కుటుంబములలో ఇతరులకంటె సుమారు నూరురెట్లు ఎక్కువ. ఇది వారికి అపకీర్తి కాదు. ఆ 81 సమూహములలో దేనికి ఏ దోషము దిగినదో అన్నియు ఇంకను తేలవలసియున్నది. ఆ యింటివారు గాని, మత్తుమందు తరువాత చాలసేపటివరకు ఊపిరి అందలేదని ఇంటిలో ఎవరినిగూర్చియైన విన్నవారు గాని, ఆ మాటను మత్తు వైద్యునితో ముందుగా చెప్పవలెను. సామాన్యమగు రక్తపరీక్షతో నిజము తెలియును. దానికి బదులు వేరు మందు కలదు.