పొందూరు ఖద్దరు పనిముట్లు

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖాదీ తయారీకి ఇళ్లలో వాడే సాధనాలు. నేతకు ఏమేం కావాలంటే ఎవరైనా ముందు మగ్గం పేరే చెబుతారు. పొందూరు విషయంలో మాత్రం జాబితాను చేప దవడతో మొదలుపెట్టాలి.

ఆ చేప వాలుగ, మంచినీటిది. దాని దవడ మీద సూదుల్లాంటి సన్నని పళ్లు దట్టంగా ఉంటాయి. ఎండిన దవడతో, గింజ ఇంకా తీయని పత్తిని కొద్దికొద్దిగా దువ్వుతారు. నలకలు రాలిపోతాయి, పీచు ఒకే వైపుకు సాగుతుంది. ఈ దవడను ఏకే పనిముట్టుగా పత్రికల్లో రాయడం కద్దు. పనుల వరుస చూస్తే ఆ మాట పొసగదు: దువ్వడం గింజ తీయకముందు, ఏకడం తీశాక. ఈ తేడా చిన్నది కాదు. గింజ పట్టి ఉంచుతుంది కనుకనే పీచు చిక్కుపడకుండా సర్దుకుంటుంది. 100 కౌంటు (నూలు సన్నదనపు కొలత), ఆపై నూలుకు పునాది ఇక్కడే పడుతుంది. దవడలు గోదావరి ప్రాంతం నుంచి వస్తాయని ఎక్కువ కథనాలు చెబుతాయి.

గింజ తీయడానికి చెక్కపలక, ఇనుప కడ్డీ, ఏకడానికి విల్లు. చుట్టిన ఏకులను ఎండు అరటి దొప్పలో ఉంచుతారు. దాని నునుపు వల్ల పీచు రేగదు, దుమ్ము పట్టదు.

రాట్నం ఒంటి కదురుది, చక్రానికి సాధారణంగా 24 ఆకులు. ఒకేసారి చాలా పోగులు తీసే అంబర్ చరఖా 1950లలో ఖాదీ కేంద్రాలకు వ్యాపించినా, పొందూరు సన్ననూలుకు పాత రాట్నమే నిలిచింది. పోగు సన్నబడేకొద్దీ ఏకును ఎంత వేగంగా లాగాలో వేళ్లకే తెలియాలి. వడికేది చాలావరకు స్త్రీలే. ఈ వస్త్రం పేరులో సింహభాగం వాళ్లదే. నూలును 1000 మీటర్ల చిలపలుగా చుట్టడం ఖాదీ పద్ధతి.

నేత గుంటమగ్గం మీద. పడుగుకు గంజి పట్టించే కుంచె, నాడె, కండెలు, దోనె తక్కిన తెలుగు నేత ఊళ్లలోనివే. జాగ్రత్తగా ఎంచుకోవలసింది పడుగు పోగులను విడదీసి ఉంచే పన్నె: నూలుకు మించి బిగువుగా ఉంటే పడుగు ఒరుసుకుని తెగుతుంది, వదులైతే బట్ట పలచబడుతుంది. తాడు లాగితే పరిగెత్తే నాడెకు ఇంగ్లండులో జాన్ కే 1733లో పేటెంటు పొందాడు. తెలుగు మగ్గాలకు అది 20వ శతాబ్దం తొలి దశకాల్లో విస్తరించి ఉంటుంది.

పత్తిని ఇంటింటికీ ఇచ్చి నూలు తీసుకునే పనిని ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం చూస్తుంది.