రోబోలకు చీటీ, పుటలకు పట్టిక: క్రాలర్ సూచనల చరిత్ర

వెబ్‌సైటును నిర్వహించేవారు సాధారణంగా రెండు చిన్న ఫైళ్లను దాని ముంగిట్లో ఉంచుతారు. ఒకటి రోబోట్స్.టిఎక్స్‌టి. సైటులో ఏ భాగంలోకి రాకూడదో యంత్రాలకు చెప్పే చీటీ అది. రెండవది సైట్‌మ్యాప్. సైటులో ఏయే పుటలున్నాయో చెప్పే పట్టిక అది. చూడటానికి ఇవి సాంకేతిక నిపుణుల వ్యవహారంగా కనిపించినా, వీటి చరిత్రలో భాషాసంస్కృతులకు సంబంధించిన ఒక ప్రశ్న ఇమిడి ఉంది. మన సామగ్రిని గురించి మనమే చెప్పుకోవాలా, లేక ఎవరో వచ్చి కనుగొనే దాకా ఉండాలా? ఈ ప్రశ్న దృష్ట్యా ఆ చరిత్రను సంగ్రహంగా పరిశీలిద్దాం.

1993 జూన్‌లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో మాథ్యూ గ్రే అనే విద్యార్థి వెబ్ ఎంత పెద్దదో కొలవడానికి ఒక ప్రోగ్రాము రాశాడు. అది ఒక పుటను చదివి, అందులోని లింకులు పట్టుకొని మరొక పుటకు పోయేది. ఇలా తిరిగే ప్రోగ్రాములకే రోబోలని, క్రాలర్లని పేరు వచ్చింది. అప్పటి సర్వర్లకు శక్తి తక్కువ. క్షణానికొకసారి తలుపు తట్టే యంత్రాల వల్ల అసలు పాఠకులకు పుటలు అందడం ఆలస్యమయ్యేది. బ్రిటన్‌లో నెక్సర్ సంస్థలో పనిచేస్తున్న మార్టిన్ కోస్టర్ 1994 ఫిబ్రవరిలో దీనికొక ఉపాయం సూచించాడు. సైటు మూలస్థానంలో ఒక ఫైలు ఉంటుంది. రోబో ముందుగా దాన్ని చదువుకొని, ఆ తరువాతే లోపలికి పోవాలి. 1994 జూన్ 30 నాటికి రోబోలు రాసేవారి మధ్య దీనిపై అంగీకారం కుదిరింది.

ఆ ఫైలుకు రెండే మాటలు చాలు. ‘యూజర్-ఏజెంట్’ అన్నది ఏ రోబోకు చెబుతున్నామో తెలుపుతుంది. ‘డిసలౌ’ అన్నది ఎక్కడికి రాకూడదో తెలుపుతుంది. దీని వెనుక చట్టమూ లేదు, శిక్షా లేదు. పెద్దమనుషుల ఒప్పందం వంటిది.

ఇదే కోస్టర్ అంతకుముందు, 1993 నవంబరులో, ‘అలీవెబ్’ అనే పద్ధతిని ప్రకటించాడన్న సంగతి విద్యార్థులు గమనించదగినది. అందులో ప్రతి సైటు యజమానీ తన పుటల పట్టికను తానే రాసి ఉంచాలి. అలీవెబ్ ఆ పట్టికలను సేకరించి వెతుకులాటకు వీలు కల్పిస్తుంది. ఆలోచన మంచిదే కాని, పట్టికలు రాసే ఓపిక ఎక్కువమందికి లేకపోయింది. 1994లో వెబ్‌క్రాలర్, 1995లో ఆల్టావిస్టా వచ్చి, ఎవరూ చెప్పకుండానే పుటలను వెతికి పట్టుకోసాగాయి. దానితో రావద్దనే చీటీ నిలిచింది, ఇవి ఉన్నాయనే పట్టిక మరుగున పడింది.

ఆ పట్టిక మళ్లీ అవసరం కావడానికి పదేళ్లు పైగా పట్టింది. లింకు లేని పుటను క్రాలర్ కనుగొనలేదు. డేటాబేసులో ఉండి, వెతుకుపెట్టెలో పేరు టైపు చేస్తే తప్ప బయటపడని పుటలు దానికి దాదాపు లేనట్లే. 2005 జూన్‌లో గూగుల్ సైట్‌మ్యాప్ విధానాన్ని ప్రవేశపెట్టింది. 2006 నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు దాన్ని అంగీకరించాయి. 2007 ఏప్రిల్ నుంచి సైట్‌మ్యాప్ ఎక్కడుందో రోబోట్స్ ఫైలులోనే ఒక పంక్తిలో చెప్పే వీలు కలిగింది. ఒక పట్టికలో 50,000 చిరునామాల వరకు రాయవచ్చు, పరిమాణం 50 మెగాబైట్లు దాటరాదు. అంతకు మించితే పట్టికలకొక పట్టిక రాసుకోవాలి. ప్రతి పుట చివరిసారి ఎప్పుడు మారిందో నిజాయితీగా రాయడం ముఖ్యం. ప్రాధాన్యం, మార్పుల తరచుదనం తెలిపే గళ్లను మాత్రం గూగుల్ లెక్కలోకి తీసుకోదు.

ఇక తెలుగు సంగతి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి చోటు దక్కింది. అయినా ఆ తరువాత చాలా ఏళ్లపాటు తెలుగు సైట్లు ఎవరి ఖతి వారిదిగా నడిచాయి. ఖతి ఉన్నవారి తెరపై అది తెలుగు. క్రాలర్‌కు మాత్రం పొంతన లేని రోమన్ అక్షరాల గుంపు. అలాంటి పుటకు సైట్‌మ్యాప్ రాసినా ఫలితం తక్కువే, ఎందుకంటే దారి తెలిసి వచ్చిన యంత్రం అక్కడ చదవగలిగింది లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటివి యూనికోడ్‌లో రావడంతో పరిస్థితి మారింది. సైట్‌మ్యాప్ కూడా యూటీఎఫ్-8 సంకేతాల్లోనే ఉండాలి. చిరునామాలో తెలుగు మాట వాడితే అది శాతం గుర్తులతో కూడిన సంకేతంగా మారుతుంది. ‘తెలుగు’ అన్న ఒక్క మాటకే 54 గుర్తులవుతాయి. పొడవు చూసి భయపడనక్కరలేదు.

తెలుగు రాష్ట్రాల వెలుపల ఉన్న మనకు ఇది మరింత వర్తిస్తుంది. హోసూరులోనో బరంపురంలోనో యానాంలోనో ఒక చిన్న బృందం స్థానిక తెలుగు శాసనాల పాఠాలో, పెళ్లిపాటలో సైటులో పెట్టిందనుకుందాం. దానికి బయటినుంచి లింకులు ఇచ్చేవారు కొద్దిమందే. పెద్ద పత్రికల పుటలను క్రాలర్ తానే వెతుక్కుంటూ వస్తుంది. ఇలాంటి పుటలకు మాత్రం పట్టికే దారి. తాళపత్ర భాండాగారంలో సూచీ లేని గ్రంథం ఉన్నా పాఠకుడికి అందదు కదా.

రోబోట్స్ ఫైలు పరిమితులు కూడా తెలియాలి. అది తాళం కాదు. 2000లో అమెరికాలో ఈబే, బిడ్డర్స్ ఎడ్జ్ సంస్థల వివాదంలో కోర్టు రోబో రాకపోకలను ఆపమన్నది. అయితే తీర్పుకు ఆధారం ఒకరి ఆస్తి అయిన సర్వరులోకి చొరబడటమన్న సూత్రమే గాని, ఆ ఫైలు కాదు. 2022 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సి 9309గా ఈ పద్ధతి లిఖిత ప్రమాణమైనప్పుడు కూడా, ఇది ప్రవేశాధికారాన్ని నిర్ణయించేది కాదని అందులో స్పష్టంగా చెప్పారు. పైగా ఆ ఫైలును ఎవరైనా చదవవచ్చు. కుటుంబాల వంశావళుల వంటివి దాచదలిస్తే సంకేతపదం పెట్టాలి, లేదా అసలు సైటులో ఉంచకూడదు. మరొకటి, క్రాలర్‌ను ఆపిన పుట పేరు ఇతరుల లింకుల ద్వారా వెతుకులాట ఫలితాల్లో కనిపించవచ్చు. కనిపించకూడదంటే పుటలోనే ‘నోఇండెక్స్’ అని రాసి, దాన్ని చదవడానికి క్రాలర్‌ను రానివ్వాలి.

2023 ఆగస్టులో ఓపెన్‌ఏఐ తన జీపీటీబాట్ వివరాలను ప్రకటించి, దాన్ని ఈ ఫైలుతో ఆపవచ్చునన్నది. పాత చీటీకి ఇలా కొత్త పని వచ్చింది. తలుపు మూస్తే మన ప్రాంతాల తెలుగు ఆ యంత్రాల తెలుగులో చేరదు. తెరిస్తే మనవారి శ్రమ అడగకుండానే ఇతరుల వస్తువుకు ముడిసరుకవుతుంది. అందరికీ వర్తించే సమాధానం ఉందని మేము అనుకోవడం లేదు. ఆ పాటలు పాడినవారిని, ఆ పాఠాలు సేకరించినవారిని అడిగి, ఏ భాగం తెరవాలో ఏది మూయాలో నిర్ణయించుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఏమీ రాయకపోతే ఈ పద్ధతిలో అంతటికీ అనుమతి ఉన్నట్లే లెక్క. కాబట్టి మౌనం కూడా ఒక నిర్ణయమే అవుతుంది.