భుజం వెనక మీట

2022 ఫిబ్రవరి 26, శనివారం. పొద్దున పదకొండు కావస్తుండగా తుంగతుర్తి చేలల్లో ఒక చిన్న విమానం కూలింది. సూర్యాపేట జిల్లా తుంగతుర్తి కాదు, మిర్యాలగూడకు పడమరన పెద్దవూర మండలంలోది. నాగార్జునసాగర్ నుంచి లేచిన సెస్నా 152 అది. ఒంటరిగా నడుపుతున్నది విమానం నేర్చుకోవడానికి చెన్నై నుంచి వచ్చిన అమ్మాయి. పొలాల్లో పనిచేస్తున్నవాళ్లు చప్పుడు విని పరుగెత్తారు. ఆమె దక్కలేదు.

ఫ్యాక్టరీలో తయారై, శిక్షణకే పేరుపడిన నెమ్మదైన విమానంలోనే ఇంత ఘోరం జరిగింది. మనుషులు తమ షెడ్లలో చేత్తో కట్టుకునే వేగపు విమానాల సంగతి తలచుకుంటే నాకు జాన్ డెన్వర్ చావు గుర్తొస్తుంది.

డెన్వర్ అమెరికాలో ఇంటింటా వినిపించిన గాయకుడు. తండ్రి వైమానిక దళ పైలట్, కొడుక్కి విమానం నేర్పింది ఆయనే. 2,700 గంటలకు పైగా ఎగిరిన అనుభవం. అలాంటి మనిషి లాంగ్-ఈజీ మీద మనసు పడ్డాడు. బర్ట్ రూటన్ గీసిన నమూనా అది. ఫోము, ఫైబర్‌గ్లాసుతో కట్టుకోవచ్చు, చిన్న ఇంజనుతోనే దూసుకుపోతుంది. రూటన్ ప్లాను ప్రకారం, ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు ఇంధనం మార్చే మీట పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. డెన్వర్ కొన్న విమానాన్ని కట్టినాయన ఇంధన గొట్టాలు కూర్చునే చోటికి రాకూడదని దాన్ని ఎడమ భుజం వెనక్కి మార్చాడు. జాగ్రత్త కోసమే మార్చాడు పాపం.

ఆ మీట తిప్పాలంటే ఒళ్లంతా వెనక్కి మెలితిప్పాలి. ఇంధనం ఎంతుందో చూపే గొట్టాలూ వెనకే, వాటికి గుర్తులు లేవు. 1997 అక్టోబరు 12 సాయంత్రం కాలిఫోర్నియాలోని మాంటెరేలో మీట అందడం లేదని డెన్వర్‌కు నేలమీదే తెలుసు. టెక్నీషియన్‌తో కలిసి దానికి పట్టకారు బిగించి చూశాడు, కుదరలేదు. గాలిలో ఆటోపైలట్ పెట్టి తిప్పుకుంటానన్నాడు. ఇంధనం పోయించుకోమంటే, గంటసేపే కదా, అక్కర్లేదన్నాడు. ఈ విమానంలో ఆయన తీసుకున్న శిక్షణ ముందురోజు అరగంట మాత్రమే.

అయిదున్నర ప్రాంతంలో, నీళ్లకు అయిదు వందల అడుగుల ఎత్తు కూడా లేనిచోట ఇంజను తడబడింది. మీట కోసం వెనక్కి తిరిగినప్పుడు కుడి పాదం తెలియకుండానే విమానాన్ని పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను తొక్కి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. విమానం కుడికి ఒరిగి, ముక్కు దించి సముద్రంలో పడింది. డెన్వర్‌కు అప్పుడు 53 ఏళ్లు.

అయిదు వేల అడుగుల ఎత్తున ఇదే జరిగుంటే విమానాన్ని నిలబెట్టుకోవడానికి వ్యవధి దొరికేది. ట్యాంకు నింపుకుని ఉంటే మీట జోలికే పోనక్కర్లేదు. పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకుని, మంచి ఎత్తులో ఆ మీటను పదిసార్లు తిప్పి చూడాల్సింది. అసలు దాన్ని మళ్లీ కాళ్ల మధ్యకు తెచ్చేదాకా ఆ విమానం షెడ్డు దాటకుండా ఉండాల్సింది.